పిల్లాడు మాట వినకపోతే క్లాసు అమ్మానాన్నలకా?

నాలుగేళ్ల పిల్లాడు. అన్నం ముందు కూర్చోబెడితే ఫోన్ కావాలంటాడు. ఇవ్వకపోతే కంచం తోసేస్తాడు, చెల్లెల్ని గిల్లుతాడు, నేలమీద పడి కాళ్లు తపతపా కొట్టుకుంటాడు. స్కూల్ నుంచి వారానికి రెండు ఫిర్యాదులు. తల్లి విసిగిపోయి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆమె ఆశించేది ఒక సిరప్, లేదా పిల్లాణ్ణి కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పే కౌన్సెలర్. ఇంగ్లండ్‌లో అయితే ఆమెకు వినిపించే జవాబు వేరుగా ఉండొచ్చు: "వారానికి ఒకసారి, రెండు గంటల చొప్పున, మూడు నాలుగు నెలలు క్లాసుకు రండి. బాబును తీసుకురానక్కర్లేదు. మీరూ, మీ ఆయనా వస్తే చాలు."

వినగానే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అల్లరి వాడిది, క్లాసు నాకా? మా పెంపకం బాగాలేదనేగా మీరనేది? ఈ కోపంలో న్యాయం లేకపోలేదు. ఇలాంటి క్లాసులకు పేరెంట్ ట్రెయినింగ్ అని పేరు, ఆ పేరే అలాంటిది. శిక్షణ అంటే చేతకానివాళ్లకు ఇచ్చేది అని మనకు అనిపిస్తుంది. అయితే ఈ పద్ధతి తల్లిదండ్రుల మీద అనుమానంతో పుట్టలేదు. ఇళ్లకు వెళ్లి, ఒక మూల కూర్చుని, తల్లీపిల్లల గొడవలను ఓపిగ్గా గమనించిన కొందరికి ఒక చిక్కుముడి కనిపించింది. ముడి ఎలా పడిందో చూస్తే క్లాసు ఎవరికి, ఎందుకు అన్నది దానంతటదే తేలుతుంది.

ఏడుపుకూ అరుపుకూ మధ్య బేరం

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊరుంది. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు 1960ల నుంచి అక్కడ పనిచేశాడు. పిల్లాడు మొండికేస్తే కారణం వాడి మనసు అట్టడుగున ఎక్కడో ఉందని వెతకడం అప్పటి పద్ధతి. ప్యాటర్సన్ బృందం ఆ పని మానేసి నేరుగా ఇళ్లకు వెళ్లింది. ఎవరు ఏమన్నారు, మరుక్షణం ఎదుటివాళ్లు ఏం చేశారు, ఆ తర్వాత ఏమైంది అని వరసగా రాసుకుంది. అలా పోగైన సమాచారం మీద ఆయన 1982లో ఒక పుస్తకం తెచ్చాడు. అందులోని ముఖ్యమైన విషయం మన అన్నం కంచం దగ్గరే చెప్పుకోవచ్చు.

తల్లి "ముందు తిను" అంటుంది. పిల్లాడు ఫోన్ కోసం ఏడుపు మొదలుపెడతాడు. ఆమె కసురుతుంది. వాడు గొంతు పెంచుతాడు. ఆమె ఇంకా గట్టిగా అంటుంది. వాడు కంచం తోస్తాడు. అప్పటికే ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన ఆమె, "సరే, ఏడవకు, ఇదిగో" అని ఫోన్ ఇచ్చేస్తుంది. ఇల్లు ఒక్కసారిగా ప్రశాంతం.

ఇందులో ఎవరికి ఏం దక్కిందో చూడండి. పిల్లాడికి ఫోన్ దక్కింది, కాబట్టి కంచం తోస్తే పనవుతుందని నేర్చుకున్నాడు. ఇది అందరం చూసేదే. తల్లి కూడా అదే క్షణంలో ఒకటి నేర్చుకుందని మాత్రం గమనించం. ఫోన్ ఇవ్వగానే ఆమె చెవులకు హాయి దక్కింది. రేపు అదే ఏడుపు మొదలైతే ఆమె చెయ్యి ఇంకొంచెం త్వరగా ఫోన్ వైపు వెళ్తుంది. ఇద్దరూ ఒకరికొకరు బహుమతి ఇచ్చుకున్నారు.

మరో రోజు తండ్రి ఇంట్లో ఉంటాడు. ఏడుపు మొదలవగానే ఒక్క అరుపు అరుస్తాడు, లేదా ఒకటి వేస్తాడు. పిల్లాడు బిక్కచచ్చి ఊరుకుంటాడు. "చూశావా, నేనంటే భయం" అనుకుంటాడు తండ్రి. అరుపుకు నిశ్శబ్దం బహుమతిగా దొరికింది గనక అరవడం అలవాటవుతుంది. కొన్నాళ్లకు ఆ అరుపు చాలదు, ఇంకాస్త గట్టిగా అరవాలి. పిల్లాడు కూడా పెద్దవాళ్లను చూసి, తను కోరింది జరగాలంటే గొంతు పెంచాలని తెలుసుకుంటాడు. చెల్లెలి దగ్గర అదే పాఠం అప్పజెబుతాడు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది అప్పుడప్పుడూ లొంగిపోవడం. నాలుగు రోజులు గట్టిగా నిలబడి, అయిదో రోజు చుట్టాల ముందు పరువు పోతుందని ఇచ్చేశామనుకోండి. మనం నాలుగు సార్లు గెలిచామని లెక్కవేసుకుంటాం. పిల్లాడు మాత్రం అయిదు రోజులు పట్టు విడవకుండా ఏడిస్తే దొరుకుతుందని లెక్కవేసుకుంటాడు. లాటరీ టికెట్ కొనేవాడికి రోజూ తగలనక్కర్లేదు, ఎప్పుడో ఒకసారి తగిలితే చాలు, మళ్లీ కొంటూనే ఉంటాడు.

ఇక తప్పు ఎవరిది? పుట్టుకతోనే కొందరు పిల్లలు త్వరగా ఉడుక్కుంటారు, కొందరు మెత్తగా ఉంటారు. ఒకే ఇంట్లో, ఒకే పెంపకంలో ఇద్దరూ ఉంటారు. ఉడుకు స్వభావం ఉన్న పిల్లాడు దొరికినచోట ఈ ముడి ఇంకా గట్టిగా బిగుస్తుంది. నిద్రలేకపోవడం, అప్పులు, భార్యాభర్తల మధ్య మాటల్లేకపోవడం దాన్ని మరింత బిగిస్తాయి. ముడిలో ఉన్న ఇద్దరిలో ఒకరికి నాలుగేళ్లు, ఒకరికి ముప్ఫై నాలుగు. ముందు చెయ్యి వదలగలిగేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. క్లాసు పెద్దవాళ్లకు పెట్టింది అందుకే.

ఇదే ఆరెగాన్‌లో, పోర్ట్‌లండ్‌లో పనిచేసిన కాన్‌స్టెన్స్ హాన్ఫ్ అనే సైకాలజిస్టు రెండు మెట్ల పద్ధతి ఒకటి తయారుచేసింది. మొదటి మెట్టులో ఆట పిల్లాడిది, పెద్దవాళ్లు వాడి వెనక నడవాలి. అది కుదిరాకే రెండో మెట్టు: పెద్దవాళ్లు చెప్పడం, పిల్లాడు వినడం. ఆమె పెద్దగా పుస్తకాలు రాసిన మనిషి కాదు. కానీ ఈ రెండు మెట్ల వరస ఆ తర్వాత వచ్చిన చాలా కార్యక్రమాల్లోకి చేరింది. వాటిలో గుంపు క్లాసులుగా దేశదేశాలకూ పాకినది సియాటిల్‌లో పుట్టిన ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్.

సగం కోర్సు దాటేదాకా శిక్ష ఊసే ఉండదు

ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్‌ను తయారుచేసిన క్యారొలిన్ వెబ్‌స్టర్ స్ట్రాటన్ వాషింగ్టన్ యూనివర్సిటీలో నర్సింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసింది, క్లినికల్ సైకాలజిస్టు కూడా. 1980ల మొదట్లో ఆమెకు వచ్చిన ఆలోచన చిన్నదే. ఒక్కో కుటుంబానికి ఒక్కో నిపుణుడు కూర్చుని చెబితే ఎంతమందికని చెప్పగలం? మామూలు తల్లిదండ్రులు మామూలు పిల్లలతో వేగుతున్న దృశ్యాలు వీడియో తీసి, పది పన్నెండు మందిని కూర్చోబెట్టి చూపిస్తే?

క్లాసు ఇలా నడుస్తుంది. పదీ పధ్నాలుగు మంది తల్లిదండ్రులు, నడిపించేవాళ్లు ఇద్దరు. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేస్తారు, బెంచీలూ బోర్డూ ఉన్న స్కూలు వాతావరణం ఉండకూడదని. టీ, తినడానికి ఏదో ఒకటి, పక్కగదిలో పిల్లల్ని చూసుకునే మనిషి. ఒకటి రెండు నిమిషాల వీడియో వేసి ఆపేస్తారు. "ఇక్కడ ఏం జరిగింది? ఆ తల్లి స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?" అని అడుగుతారు. జవాబులు గదిలోంచే రావాలి. ఎవరైనా మంచి మాట చెబితే, చెప్పినవారి పేరుతోనే దాన్ని ఒక సూత్రంగా చార్టు మీద రాస్తారు. తర్వాత ఇద్దరు లేచి, ఒకరు తల్లిగా ఒకరు పిల్లాడిగా నటించి చూపాలి. ముప్ఫై అయిదేళ్ల మనిషి నేలమీద పడి "నాకు ఐస్‌క్రీం కావాలీ" అని ఏడుస్తుంటే గది గదంతా నవ్వుతుంది. అయితే పిల్లాడి వేషం వేసిన తండ్రికి కింద నుంచి చూస్తే పెద్దవాళ్ల అరుపు ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసేది కూడా అప్పుడే. ఇంటికెళ్లి చేయాల్సిన హోంవర్క్ ఇస్తారు. మధ్యలో ఒకసారి నడిపించేవాళ్లు ఫోన్ చేస్తారు. గుంపులో ఇద్దరిద్దర్ని జంటలుగా పెట్టి, వారంలో ఒకరికొకరు ఫోన్ చేసుకోమంటారు.

వచ్చిన అందరి మొదటి ప్రశ్నా ఒకటే: మాట వినకపోతే ఏం చేయాలి? దానికి జవాబు కోసం చాలా వారాలు ఆగాలి. మొదటి వారాలన్నీ ఆటకే. రోజూ పది నిమిషాలు పిల్లాడితో ఆడాలి. ఏ ఆటో వాడే చెబుతాడు. మనం ఆజ్ఞలు వేయకూడదు, సరిదిద్దకూడదు, ప్రశ్నలు వీలైనంత తగ్గించాలి. వాడు చేస్తున్నదాన్ని క్రికెట్ కామెంటరీలా చెబుతూ ఉండొచ్చు: "ఓహో, ఎర్ర లారీ బ్రిడ్జి ఎక్కుతోంది. ఇంకో బ్లాకు పెట్టావు. పడిపోయింది, మళ్లీ పెడుతున్నావు."

చదవడానికి ఇంతేనా అనిపిస్తుంది. మన ఇళ్లలో చేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. మనం పిల్లల పక్కన కూర్చోగానే పరీక్ష మొదలవుతుంది. ఇదేం రంగు? ఇంగ్లిష్‌లో ఏమంటారు? ఎన్ని బ్లాకులున్నాయి, లెక్కపెట్టు. ఆవు పక్కన పులిని పెడతారా ఎవరైనా? పిల్లాడు ఆడుకుంటున్నాననుకుంటాడు, మనం ఎల్‌కేజీ అడ్మిషన్ ఇంటర్వ్యూ చేస్తుంటాం. ఆ పది నిమిషాలైనా వాడు గెలిచే చోటు ఉండాలన్నది ఇక్కడి ఉద్దేశం. రోజంతా "వద్దు, ఆగు, ముట్టుకోకు" వినే పిల్లాడికి మన మాట మీద మమకారం ఎక్కడినుంచి వస్తుంది? బావిలో ఊట ఉంటేనే చేదకు నీళ్లు అందుతాయి.

తర్వాత మెచ్చుకోలు. ఇక్కడ మనకు ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది: దిష్టి. పిల్లల్ని ఎదురుగా పొగడకూడదని మన పెద్దలు గట్టిగా నమ్ముతారు. పొగిడితే నెత్తికెక్కుతారనీ, ఆయుష్షు తగ్గుతుందనీ అంటారు. క్లాసులో నేర్పే మెచ్చుకోలును సరిగ్గా చూస్తే మాత్రం దానితో గొడవే రాదు. "మా బంగారం, మా రాజా" లాంటి పొగడ్త కాదది. జరిగిన పనిని పేరు పెట్టి చెప్పడం. "చెప్పగానే చెప్పులు స్టాండులో పెట్టావు." "చెల్లి బొమ్మ లాక్కుందని కోపం వచ్చినా కొట్టకుండా నా దగ్గరికి వచ్చి చెప్పావు." గుడ్ బాయ్ అంటే వాడికి ఏం చేస్తే గుడ్ బాయో తెలియదు. పై మాటల్లో తెలుస్తుంది. పొగిడింది పనినే కాబట్టి దిష్టి భయం ఉన్న నాయనమ్మకు కూడా అభ్యంతరం ఉండదు.

ఆ తర్వాత ఎలా చెప్పాలన్నది వస్తుంది. "బొమ్మలు సర్దుతావా నాన్నా?" అంటే అది ప్రశ్న, "సర్దను" అనే జవాబుకు చోటుంది. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు" అంటే అందులో చేయాల్సిన పనే లేదు. "లే, స్నానం చెయ్, బట్టలేసుకో, పాలు తాగు" అంటే నాలుగు పనులు. ఒకసారికి ఒక పని, చిన్న వాక్యం, దగ్గరికి వెళ్లి, చేయడానికి కాస్త వ్యవధి. మనకు అలవాటైన బెదిరింపుల సంగతి కూడా ఇక్కడే తేలాలి. పోలీసులకు పట్టిస్తా, బూచాడికి ఇచ్చేస్తా, మీ నాన్న రానీ నీ పని చెప్తా. మొదటి రెండూ ఎప్పటికీ జరగవని మూడేళ్లకే కనిపెట్టేస్తారు. మూడోది మరీ నష్టం. తల్లి తన మాటకు బలం లేదని తానే ఒప్పుకున్నట్టు, సాయంత్రం ఇంటికి వచ్చే తండ్రిని బూచాణ్ణి చేసినట్టు.

అప్పటికి గానీ అందరూ ఎదురుచూసిన పాఠం రాదు: పట్టించుకోకపోవడం, పర్యవసానం (చేసినదానికి ఫలితం అనుభవించనివ్వడం), టైమవుట్. సణుగుడు, మారాం, కావాలని పెట్టే చిరాకు లాంటివాటికి ముఖం తిప్పుకోవాలి. కొట్టడం, కొరకడం, రోడ్డు మీదకు పరిగెత్తడం లాంటివాటికి అది పనికిరాదు. ముఖం తిప్పుకున్న మొదటి రోజుల్లో అల్లరి తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన మీట ఉన్నట్టుండి పనిచేయకపోతే మనం కూడా లిఫ్ట్ బటన్‌ను పదిసార్లు నొక్కుతాం కదా, అలాగే. చాలామంది సరిగ్గా ఇక్కడే చేతులెత్తేసి, ముందుకంటే గట్టి ఏడుపుకు లొంగిపోతారు. ముందే తెలిసినవాళ్లు ఆ రెండు మూడు రోజులు తట్టుకుంటారు.

టైమవుట్ మీద గొడవలు చాలా ఉన్నాయి. పిల్లల్ని వెలివేయడమే అని కొందరంటారు. అసలు పేరులో ఉన్న అర్థం ఆహ్లాదకరమైన వాతావరణం నుంచి కొద్దిసేపు పక్కకు తప్పించడం. అంటే పక్కకు తప్పించినప్పుడు పిల్లాడు కోల్పోయేది ఏదో ఉండాలి. ఆటా మెచ్చుకోలూ లేని ఇంట్లో టైమవుట్‌కు అర్థమే లేదు, మూల కుర్చీకీ ఇంటికీ తేడా ఉండదు. మొదటి నెలంతా ఆటకు ఎందుకు ఖర్చుపెట్టారో ఇప్పుడు తెలుస్తుంది. కొట్టడం లాంటి ఒకటి రెండు పనులకు మాత్రమే, కొద్ది నిమిషాలు, అరవకుండా, ముందే చెప్పి ఉంచిన నియమం ప్రకారం. అయిపోయాక క్లాసు పీకకూడదు, ఆ సంగతి అక్కడితో ముగిసిపోవాలి. బాత్రూంలో పెట్టి గడియ వేయడం, చీకటి గదిలో ఉంచడం టైమవుట్ కాదు, అది వట్టి భయపెట్టడం. యశోద కూడా అల్లరికి విసిగి కొడుకును రోటికి కట్టింది. ఆయన రోటినే ఈడ్చుకుంటూ పోయి రెండు మద్దిచెట్లు కూల్చాడు.

నలుగురిలో కూర్చుంటే ఏమవుతుంది

గుంపు అనగానే ఖర్చు తగ్గించుకోవడానికి అనుకుంటాం. అదీ నిజమే. కెనడాలోని హామిల్టన్‌లో చార్లెస్ కనింగ్‌హామ్ బృందం 150 కుటుంబాలతో చేసిన అధ్యయనం 1995లో వచ్చింది. కొందరికి క్లినిక్‌లో విడివిడిగా శిక్షణ, కొందరికి తమ పేటల్లోనే పెద్ద గుంపుల్లో క్లాసులు. పెట్టిన ఖర్చుకు వచ్చిన ఫలితం చూస్తే గుంపులు ఆరు రెట్లకు పైగా లాభసాటి. ఇక్కడిదాకా ఊహించదగ్గదే. ఊహించనిది ఇంకొకటి ఉంది. వేరే దేశాల నుంచి వలసవచ్చినవాళ్లు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు, పిల్లల సమస్య బాగా ముదిరినవాళ్లు క్లినిక్ కంటే గుంపు క్లాసుల్లోనే ఎక్కువగా చేరారు. ఆరు నెలల తర్వాత చూస్తే మార్పు నిలిచింది కూడా గుంపు క్లాసులకు వెళ్లినవాళ్లలోనే ఎక్కువ.

నాకు ఇది సిగ్గుకు సంబంధించిన విషయం అనిపిస్తుంది. క్లినిక్ గదిలో డాక్టర్ ఎదురుగా కూర్చుంటే మనం రోగులం. పేటలోని హాల్లో పదిమంది మధ్య కూర్చుంటే మనం నాన్నలం, అమ్మలం. పక్కనున్నావిడ "నిన్న కొట్టాను, తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను" అంటే, నిపుణుడు గంటసేపు చెప్పినా కలగని ఊరట కలుగుతుంది. అయితే తెలుగువాళ్ల దగ్గర దీనికి ఎదురుగాలి కూడా ఉంది. ఇంటిగుట్టు లంకకు చేటు అని నేర్చుకుని పెరిగాం. కాలనీలో తెలిసినవాళ్ల ముందు "మా వాడు నన్ను కొడతాడండీ" అనడం తేలిక కాదు. నాలుగో వారానికి గానీ నోళ్లు తెరుచుకోకపోవచ్చు.

సియాటిల్‌లోనూ దీన్ని పరీక్షించి చూశారు. 1988లో ప్రచురించిన అధ్యయనంలో 114 మంది పిల్లల కుటుంబాలను విడదీసి, కొందరికి ఒంటరిగా వీడియోలు చూసుకోమని ఇచ్చారు, కొందరికి వీడియో లేకుండా గుంపు చర్చ, కొందరికి గుంపూ వీడియో రెండూ. ఏమీ ఇవ్వనివాళ్లతో పోలిస్తే మూడు రకాలవాళ్లూ మెరుగయ్యారు. రెండూ కలిసిన క్లాసు మిగతావాటికంటే కాస్త ముందుంది.

వీడియో ఒక్కటే చూసినా కొంత పనిచేసిందంటే ఇక యూట్యూబ్ చాలదా అనే ప్రశ్న వస్తుంది. 2008లో జెనిఫర్ కామిన్‌స్కీ బృందం 77 అధ్యయనాలను కలిపి, ఏ కార్యక్రమంలో ఏముంటే ఎక్కువ ఫలితం వచ్చిందో చూసింది. పిల్లలతో సంతోషంగా గడపడం, మనసులో మాట పంచుకోవడం నేర్పినవి, టైమవుట్‌ను సరిగ్గా వాడటం, చెప్పినదాని మీద నిలకడగా ఉండటం నేర్పినవి ముందున్నాయి. వాటితో పాటు, క్లాసు జరుగుతుండగానే సొంత పిల్లలతో చేయించి చూసినవి ఇంకా బాగా పనిచేశాయి. ఈత గురించి చదవడానికీ నీళ్లలో దిగడానికీ ఉన్న తేడా. వాట్సాప్‌లో వచ్చే పెంపకం సూక్తులన్నీ నిజమే అయినా ఎందుకు పనిచేయవో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

లెక్కలు ఎంతవరకు నమ్మాలి

గట్టి ఆధారాలే ఉన్నాయి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012లో 13 ప్రయోగాలను, 1,078 మందికి సంబంధించిన ఫలితాలను కలిపి చూసి, గుంపు క్లాసులు మూడు నుంచి పన్నెండేళ్ల పిల్లల ప్రవర్తనను మెరుగుపరుస్తాయనీ, తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యానికీ మంచివనీ తేల్చింది. కుటుంబానికి సుమారు 2,500 డాలర్లు ఖర్చు. ఎక్కువే అనిపిస్తుంది. లండన్‌లో స్టీఫెన్ స్కాట్ బృందం 2001లో వేసిన ఇంకో లెక్క దీని పక్కన పెట్టండి. చిన్నప్పుడు తీవ్రమైన ప్రవర్తన సమస్యలున్నవాళ్ల మీద 28 ఏళ్లు వచ్చేసరికి స్కూళ్లు, కోర్టులు, ఆసుపత్రులు, సంక్షేమం రూపంలో ప్రజాధనం 70,019 పౌండ్లు ఖర్చయింది. ఏ సమస్యా లేనివాళ్ల మీద 7,423. వేల్స్‌లో జూడీ హచింగ్స్ బృందం 2007లో, పేద ప్రాంతాల్లో ఉండే 153 కుటుంబాలతో చేసిన ప్రయోగంలోనూ మంచి ఫలితాలే వచ్చాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో, మూడు నుంచి పదకొండేళ్ల పిల్లల తల్లిదండ్రులకు 10 నుంచి 16 సార్లు, ఒక్కోసారి గంటన్నర నుంచి రెండు గంటలు జరిగే గుంపు శిక్షణను సిఫార్సు చేసింది. నాలుగైదేళ్ల పిల్లలకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని తేలినా మందుకంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2011 నుంచీ చెబుతోంది.

ఇవన్నీ వినేసి మంత్రదండం దొరికిందనుకోవద్దు. ఈ పరీక్షల్లో పిల్లాడు మారాడని చెప్పేది చాలాసార్లు తల్లే. మూడు నెలలు క్లాసుకు వెళ్లి కష్టపడిన మనిషి "ఏమీ మారలేదు" అనడానికి మనసొప్పదు. ఆస్ట్రేలియాలో మొదలైన ట్రిపుల్ పీ అనే మరో ప్రసిద్ధ కార్యక్రమం మీద 2012లో జరిగిన సమీక్ష సరిగ్గా ఇదే ఎత్తిచూపింది. తల్లుల మాటల్లో కనిపించిన మార్పు తండ్రుల మాటల్లో కనిపించలేదు, పైగా చాలా అధ్యయనాలు ఆ కార్యక్రమంతో సంబంధం ఉన్నవాళ్లే చేశారు. కార్యక్రమం తయారుచేసినవాళ్లే దాన్ని అమ్ముతూ, వాళ్లే మార్కులు వేసుకుంటే ఎవరికైనా సందేహం రావాలి. సియాటిల్ కుటుంబాలను మూడేళ్ల తర్వాత మళ్లీ చూస్తే కనీసం పావు వంతు ఇళ్లలో సమస్య ఇంకా ఇబ్బంది పెట్టే స్థాయిలోనే ఉంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది: రావడం. ఇలాంటి శిక్షణ అవసరమని గుర్తించిన కుటుంబాల్లో కనీసం పావు వంతు చేరనే చేరవనీ, మరో 26 శాతం చేరి మధ్యలో మానేస్తాయనీ 2016లో అనిల్ చాకో బృందం లెక్కతేల్చింది. అంటే దాదాపు సగం. బండి లేదు, షిఫ్టు మారింది, చిన్నదానికి జ్వరం, మా ఆయన రానంటున్నాడు. క్లాసు ఎంత మంచిదో చెప్పే లెక్కలన్నీ వచ్చినవాళ్లవి. టీ, పిల్లల గది, వారం మధ్యలో ఫోన్ కాల్ లాంటివి మర్యాద కోసం పెట్టినవి కాదని ఈ అంకె చూశాక అర్థమవుతుంది.

ఒక మంచి వార్త కూడా చెప్పాలి. ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ మీద యూరప్‌లో జరిగిన పదికి పైగా ప్రయోగాలను, 1,799 కుటుంబాల సమాచారాన్ని ఒక్కచోట చేర్చి చూస్తే, పేదలకూ వలస కుటుంబాలకూ లాభం తక్కువేమీ కాలేదు. సమస్య ఎక్కువగా ఉన్న పిల్లల ఇళ్లలో, తల్లి డిప్రెషన్‌లో ఉన్న ఇళ్లలో లాభం ఇంకాస్త ఎక్కువ. "వాళ్లకు చెప్పినా అర్థం కాదులే" అనే మాటకు ఇది జవాబు.

ఎవరికి ఇది అక్కర్లేదో కూడా చెప్పుకోవాలి. రెండేళ్ల పిల్లాడు కిందపడి ఏడవడం వయసు లక్షణం, జబ్బు కాదు. మాటలు ఆలస్యమైన పిల్లలు చెప్పలేక కొడతారు. చెవులు సరిగ్గా వినపడని పిల్లలు "మాట వినరు". కళ్లలోకి చూడకపోవడం, పిలిస్తే పలకకపోవడం ఉంటే ఆటిజం సంగతి ముందు చూపించుకోవాలి. ఇంట్లో హింస జరుగుతుంటే దాన్ని ఆపడం ముందు. ఇవేవీ తేల్చకుండా, మంచి పనికో స్టిక్కర్ అంటూ నేరుగా చార్టు గోడకు అంటిస్తే ఏం లాభం లేదు.

చుట్టిల్లు, అంగన్‌వాడీ, నాయనమ్మ

సియాటిల్ క్లాసు యథాతథంగా మనకు సరిపడుతుందా అనే ప్రశ్న దక్షిణాఫ్రికాలో ముందే వచ్చింది. కేప్‌టౌన్ శివార్లలోని ఖయెలిత్షా, న్యాంగా లాంటి పేద బస్తీల్లో ఖరీదైన వీడియోలు, లైసెన్సు ఫీజులు, సైకాలజిస్టులు కుదరరు. డబ్ల్యూహెచ్‌వో, యునిసెఫ్, కొన్ని యూనివర్సిటీలు కలిసి తయారుచేసిన కార్యక్రమంలో భాగంగా అక్కడ 12 వారాల గుంపు క్లాసులు పెట్టారు. పేరు సినొవుయో, ఖోసా భాషలో 'మనకు సంతోషం ఉంది' అని. వీడియోల బదులు బొమ్మల కథలు. నడిపింది డిగ్రీలు లేని స్థానిక కార్యకర్తలు. క్లాసుకు రాలేకపోయినవాళ్ల ఇంటికి వెళ్లి చెప్పారు. సియాటిల్ క్లాసులో ఆటను అడుగున, శిక్షను కొసన చూపే పిరమిడ్ బొమ్మ స్థానంలో వాళ్ల ఊళ్లలో ఉండే గుండ్రటి ఇల్లు వచ్చింది: ఆట, మెచ్చుకోలు గోడలు, నియమాలూ పర్యవసానాలూ పైకప్పు. గోడలు లేవకుండా కప్పు వేయలేం కదా. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్లు చూసినవాళ్లకు ఈ బొమ్మ పరాయిగా అనిపించదు. 296 కుటుంబాలతో పరీక్షిస్తే లాభం కనిపించింది, మితంగానే. 2023లో డబ్ల్యూహెచ్‌వో ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి శిక్షణను పేద దేశాల్లోనూ అందరికీ అందుబాటులోకి తెమ్మన్నాయి.

మనకు చోటు లేక కాదు. 1975లో మొదలైన ఐసీడీఎస్ అనే ప్రభుత్వ శిశు సంక్షేమ పథకం పుణ్యమా అని దాదాపు ప్రతి ఊళ్లోనూ, పేటలోనూ అంగన్‌వాడీ ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు, అంటే సరిగ్గా ఈ శిక్షణ బాగా పనిచేసే వయసువాళ్లు, అక్కడికే వస్తారు. తల్లులూ వస్తారు. కానీ ఇప్పటికే పౌష్టికాహారం, బరువు తూకాలు, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్ మోస్తున్న టీచరు నెత్తిన ఇంకో పన్నెండు వారాల క్లాసు పెడితే అది కాగితం మీదే జరుగుతుంది. వేరే మనిషి, వేరే గంటలు, దానికి డబ్బు కావాలి. హైదరాబాద్, విజయవాడల్లో ప్రైవేటుగా పేరెంటింగ్ వర్క్‌షాపులు కనిపిస్తున్నాయి. శనివారం మూడు గంటల ఉపన్యాసం, సర్టిఫికెట్, ఫొటో. చేయించి చూడటం, ఇంటికెళ్లి ప్రయత్నించి మళ్లీ వచ్చి చెప్పుకోవడం లేని క్లాసును ఈ కోవలో చేర్చడానికి నాకు మనసొప్పదు.

విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ స్కూళ్లలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించి పదిహేనేళ్లు దాటింది. గడప లోపలికి మాత్రం మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతే చట్టం. విచిత్రంగా, చిన్నప్పుడే మొదలుపెట్టాలన్న విషయంలో సామెతా పరిశోధనా ఒకటే అంటున్నాయి. వంచడం ఎలా అన్నచోటే విడిపోతాయి.

మన దగ్గర తయారయ్యే క్లాసులో ఇంకో కుర్చీ తప్పకుండా వేయాలి. ఉద్యోగాలు చేసే జంటల ఇళ్లలో పగలంతా పిల్లాడితో ఉండేది నాయనమ్మో, అమ్మమ్మో, తాతయ్యో. అమెరికాలోని మనవాళ్ల ఇళ్లలో కూడా ఆరు నెలలు వీసా మీద వచ్చే అమ్మమ్మే. తల్లి పన్నెండు వారాలు కష్టపడి ఏడుపుకు లొంగకుండా నిలబడితే, తాతయ్య జేబులోంచి చాక్లెట్ తీసి "పాపం, ఎందుకమ్మా ఏడిపిస్తావ్ పసివాణ్ణి" అంటాడు. లాటరీ మళ్లీ తగిలింది. పెద్దవాళ్లను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లకెవరూ చెప్పలేదు. కోడలు చెబితే వినడం కష్టం. అదే మాట పక్కింటి పెద్దావిడ క్లాసులో అంటే వింటారు. ఈ మాట ఒక చోట అన్నప్పుడు ఒకావిడ నవ్వి, "మరి మా మామగారి చేత రోల్‌ప్లే ఎవరు చేయిస్తారండీ?" అంది. అందులో ఆయనకు పిల్లాడి వేషం ఇవ్వాలని ఆమె కోరిక.

ప్రస్తుతానికి, పిల్లల డాక్టర్ కాకుండా ఇంకెవరిని అడగాలో తెలియనివాళ్లకు ఉచితంగా దొరికేది 14416. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు. ఇది తల్లిదండ్రుల క్లాసు కాదు, మానసిక ఆరోగ్యానికి సలహా ఇచ్చే లైను మాత్రమే. పిల్లాడి గురించి చేసినా, వాడితో వేగలేక మీకే నిద్ర పట్టడం లేదని చేసినా ఫోన్ ఎత్తుతారు.